ట్రోమ్సోలో నార్తర్న్ లైట్స్ చూడటానికి గైడు అవసరమా?

ఫిబ్రవరిలో నార్వే వెళ్తున్నామని, ట్రోమ్సోలో గైడుతో టూర్ తీసుకోవాలో, అద్దె కారులో సొంతంగా వెళ్లాలో తేల్చుకోలేకపోతున్నామని అడిగారు. నా సలహా: కనీసం మొదటి రాత్రి గైడుతోనే వెళ్లండి. నేనూ అలాగే వెళ్లాను. ఖర్చు ఎక్కువే, కానీ ఆ డబ్బు దేనికో ఆ రాత్రే అర్థమైంది.

భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎంత ఉందో చెప్పే కేపీ సూచీ తక్కువగా ఉందని చాలామంది ముందే నిరుత్సాహపడతారు. 0 నుంచి 9 వరకు ఉండే ఆ సూచీ దక్షిణాన ఉన్న ఊళ్లకు ముఖ్యం. ట్రోమ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, ఈ కాంతులు తరచూ వెలిగే వలయం కిందే ఉంది. అక్కడ 1 లేదా 2 ఉన్నా చాలు. అసలు అడ్డంకి మబ్బు. కాంతులు పుట్టేది సుమారు 100 కిలోమీటర్లు, అంతకంటే పైన. మబ్బులు మనకూ వాటికీ మధ్యలో ఉంటాయి. సముద్రతీరం కాబట్టి ట్రోమ్సోలో మబ్బుకు కొదవ లేదు.

మేం బయలుదేరిన సాయంత్రం ఊళ్లో మంచు కురుస్తోంది. గైడు ఉపగ్రహ చిత్రాలూ వాతావరణ సూచనలూ చూసుకుని బండిని ఫిన్లాండ్ వైపు తిప్పారు. తీరం నుంచి వచ్చే తేమను కొండలు ఆపేస్తాయి కాబట్టి షిబోట్న్ లోయ పొడిగా ఉంటుందట. ఆ దారిలోనే ముందుకు వెళ్తే సరిహద్దు దాటాక కిల్పిస్‌యార్వి అనే ఫిన్లాండ్ ఊరు వస్తుంది. లోయలోకి మలుపు తిరిగిన కాసేపటికే కిటికీలోంచి చుక్కలు కనిపించాయి. గైడుకు మనం ఇచ్చే డబ్బు ఈ నిర్ణయం కోసమే. (సరిహద్దు దాటే అవకాశం ఉంది కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి.)

ఫొటోల్లో చూసిన ఆకుపచ్చ మొదటి నిమిషంలోనే కనిపిస్తుందని అనుకోకండి. మాకు ముందు కనిపించింది కొండ మీద తెల్లని పలచటి పట్టీ, అచ్చం మబ్బు తునకలా. గైడు హెడ్‌లైట్లు ఆర్పి, కెమెరా అటు తిప్పి ఫొటో తీస్తే తెర మీద పచ్చగా వచ్చింది. మసక వెలుతురులో మన కళ్లు రంగులను సరిగా పట్టుకోలేవు. కొంతసేపటికి అది చిక్కబడింది. మామూలు కంటికే ఆకుపచ్చ తెలిసింది, కింది అంచున గులాబీ రంగు వేగంగా ఒక చివర నుంచి మరో చివరకు పాకింది. ఆకుపచ్చ ఆక్సిజన్ వల్ల, ఆ గులాబీ అంచు నైట్రోజన్ వల్ల. పక్కన ఎవరూ మాట్లాడలేదు. నాకైతే చలి సంగతే గుర్తు లేదు.

బుక్ చేసే ముందు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: మబ్బు పడితే ఎంత దూరం వెళ్తారు, ఫిన్లాండ్ దాకా వెళ్తారా? ఒకే చోట గుడారం వేసి, మంట పెట్టి కూర్చోబెట్టే టూర్లు చిన్నపిల్లలు ఉన్నవారికి హాయిగా ఉంటాయి. అయితే అక్కడ మబ్బు కమ్మితే ఇక చేసేదేమీ లేదు. పెద్ద బస్సు కంటే చిన్న వ్యాను నయం, అనుకున్న చోట ఆగగలదు. చలి దుస్తులు, బూట్లు వాళ్లే ఇస్తారేమో కనుక్కోండి. "కచ్చితంగా చూపిస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఫోను బ్యాటరీ చలికి త్వరగా దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. ఫొటోకు ట్రైపాడ్, కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ కావాలి. ఫ్లాష్ మాత్రం వెలిగించకండి, అందరి చూపూ చెదిరిపోతుంది. వెన్నెల ఉంటుందని తేదీలు మార్చుకోనక్కర్లేదు.

కారు విషయానికొస్తే, మంచు గడ్డకట్టిన రోడ్ల మీద రాత్రిపూట నడిపిన అలవాటు లేకపోతే వద్దనే అంటాను. రెయిన్‌డీర్లు, మూస్‌లు అనే భారీ దుప్పులు అడ్డం వస్తాయి, ఎక్కడ పడితే అక్కడ రోడ్డు పక్కన ఆపడమూ ప్రమాదమే. అలవాటు ఉంటే గైడు వెళ్లిన దారి గుర్తు పెట్టుకుని తర్వాతి రాత్రి మీరే వెళ్లవచ్చు. టూర్‌ను చివరి రాత్రికి మాత్రం ఉంచుకోకండి, ఆకాశం ఆ రోజు మూసుకుపోతే మరో ప్రయత్నానికి రాత్రి మిగలదు.