ఆన్‌లైన్ కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉంటే విశాఖలో కేసు వేయొచ్చా?

వేయొచ్చు, కొన్నవాళ్లు ఉంటున్న లేదా పనిచేస్తున్న జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. పాత 1986 చట్టం ప్రకారం కంపెనీ ఉన్న చోటికో, వివాదం పుట్టిన చోటికో వెళ్లాల్సి వచ్చేది. ఓ మిక్సీ కోసం అంత దూరం ఎవరు తిరుగుతారు? పెద్ద కంపెనీలకు అదే కలిసొచ్చేది.

గాజువాకలో ఒకరు 4,500 రూపాయల మిక్సీ తెప్పించుకుంటే జార్ పగిలి వచ్చింది, రిటర్న్ ఒప్పుకోలేదు అనుకుందాం. ముందు ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయడం మేలు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. సరుకుకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. బిల్లు, పార్సిల్ లేబుల్ ఫొటో, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి. ఎదుటి పక్షంగా యాప్ కంపెనీ ఒక్కదాన్నే పెడితే ‘మేం మధ్యవర్తులమే’ అని జారుకోవాలని చూస్తుంది. బిల్లు మీద చిన్న అక్షరాల్లో ఉండే అమ్మకందారు పేరునూ చేర్చాలి.

‘వివాదాలు బెంగళూరు కోర్టుల పరిధిలోనే’ అన్న షరతుకి టిక్ పెట్టాం కాబట్టి దారి మూసుకుపోయిందని చాలామంది అనుకుంటారు. చట్టం ఇచ్చిన హక్కుని ఆ షరతు తీసేయలేదు.