ప్లాన్ తర్వాత గీయించండి, ముందు నీళ్ల దోవ చూడండి

తిరుపతి వైపు పాకాల దగ్గర తాతగారి 18 సెంట్లలో సొంతంగా ఇల్లు కట్టుకోవాలంటే ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి, అడుగుకు ఎంతవుతుంది అని అడిగారు. రేటు ఏ మేస్త్రీ అయినా చెబుతాడు. మీరు ముందు ఒక పని చేయండి. నవంబరులో వాయుగుండం పట్టి వాన కురుస్తున్నప్పుడు ఆ స్థలంలో గొడుగేసుకుని నిలబడండి. మన వైపు స్థలాన్ని ఎండాకాలంలో చూసి ఇంటికి ముగ్గు పోయకూడదు.

మేం అదే తప్పు చేశాం. 2021 వేసవిలో చంద్రగిరి అవతల మా నాన్న వాటాకొచ్చిన పాతిక సెంట్లలో పునాది తీశాం. పక్క కయ్య పెద్దాయన వచ్చి చేతికర్రతో నేల మీద గీత గీసి, "ఈ మూల కట్టబాకండి నాయనా, మా చిన్నప్పుడు ఇది వంక దోవ" అన్నాడు. అక్కడ చుక్క నీరు లేదు. సిద్ధాంతి నైరుతిలో పెద్ద గది ఉండాలన్నాడు, ప్లాన్ అలాగే గీయించేశాం. రెండడుగుల బేస్‌మట్టం, అంటే నేల మీద నుంచి ఇంటి గచ్చు దాకా ఎత్తు, చాలన్నాడు మేస్త్రీ. రాళ్లు కట్టి గ్రావెల్ తోలించాం.

నవంబరు మూడో వారంలో ఆ వాన వచ్చింది. తిరుపతిలో వీధులే కాలువలయ్యాయి, రాయలచెరువు కట్టకు లీకేజీ అని ఊళ్లు ఖాళీ చేయించారు. మూడో రోజు బైకు మెయిన్‌రోడ్డు మీద వదిలేసి బురదలో నడిచి వెళ్లాను. పెద్దాయన గీసిన గీత మీదుగానే నీళ్లు పారుతున్నాయి. నైరుతి గోడ కింద మట్టి కోసుకుపోయి రాళ్లు ఒరిగిపోయాయి. మా గ్రావెలంతా కింది కయ్యలో వరి మీద పరుచుకుంది. అమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. పంట నష్టం మేమే కట్టుకున్నాం. గృహప్రవేశానికి పిలవాల్సిన వాళ్లతో ముందే మాట పడాల్సి వచ్చింది.

తర్వాత సర్వేయరుతో కొలిపించి, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ పటం పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వంక అందులో ఉంది. ఎగువ వాళ్లు ఎప్పుడో దున్ని చేలల్లో కలిపేసుకున్నారు. ఇంజనీరుకు ఫీజు కట్టిన మేము ఆ పటం ఒక్కసారి తెరిచి చూడలేదు. వాస్తును నేను కాదనను, కానీ దిక్కులు చూసే మనిషి నేల వాలు కూడా చూడాలి కదా!

కాగితాల దగ్గర ఒక్క మాట. తాతగారిది సొంత పట్టానా, డీకేటీనా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి)? 1-బి, అడంగల్ అనే భూమి రికార్డులు ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో చూసుకోండి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో కూడా చూడండి. అక్కడ తేడా ఉంటే బ్యాంకు లోను కదలదు.

బోరు కూడా పునాదికి ముందే వేయించండి. గోడలు లేచాక రిగ్గు లారీ లోపలికి రాదు, క్యూరింగ్‌కు, అంటే సిమెంటు పని తడపడానికి, నీళ్ల ట్యాంకర్లు కొనాలి. ఇంకో బాధ ఏమిటంటే, వీడియోల్లో డూప్లెక్స్ చూసి పల్లెలో అద్దాల ఇళ్లు కడుతున్నారు. వసారా ఉండదు, వేరుశనక్కాయలు ఆరబోసుకోను చోటుండదు. పల్లెకు వచ్చి కట్టుకునేది ఎందుకు మరి?

మేం ఇంటిని తూర్పుకు 40 అడుగులు జరిపి, నాలుగడుగుల బేస్‌మట్టంతో మళ్లీ కట్టాం. వంకకు 15 అడుగులు వదిలేశాం. ఇప్పుడు వానాకాలం నీళ్లు ఇంటి పక్కగా పోతాయి.

మీ 18 సెంట్లకు ఎగువన ఏ చెరువుంది, దాని మొరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఎటు పారుతుంది? ఊర్లో పెద్దవాళ్లను తీసుకెళ్లి అడిగి ఇక్కడ రాయండి, గదుల సంగతి అప్పుడు మాట్లాడదాం.