ఆది జాకెట్టు తెచ్చి "ఇట్టాగే కుట్టు" అనేవాళ్ల గురించి

చెల్లెమ్మా, ఆఫీసుకు అందరిలాగే కుర్తీ, లెగ్గిన్, పండక్కేమో అత్తగారు తీసిన చీర. ఇందులో నాదంటూ ఏముంది, రోజూ కట్టే బట్టలు మనమేంటో చెబుతాయంటే నమ్మొచ్చా అని అడిగావు. నేను నెల్లూరు దగ్గర కోవూరులో పదహారేళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. నమ్మొచ్చు. కాకపోతే చీర ఖరీదును బట్టో, కొత్త మోడల్‌ను బట్టో మనిషి తెలియడం నేనెప్పుడూ చూడలేదు.

మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువమంది ఆది జాకెట్టు, అంటే కొలతకు తెచ్చే పాత జాకెట్టు, బల్ల మీద పెట్టి "ఇట్టాగే కుట్టక్కా" అంటారు. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి ఒక మాట అంటారు చూడు, అప్పుడు తెలుస్తుంది మనిషెవరో. మైపాడు వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే ఒకామె ఉంది. డబ్బులకు లోపల జేబు పెట్టమంటుంది, అది అవసరం. చేతుల అంచుకు మాత్రం ప్రతిసారీ ఎర్ర పైపింగ్ వేయాల్సిందే. ఎందుకే అంటే, "చీర ఎట్టాగూ తడిసి ముద్దవుద్ది. తక్కెడ పట్టుకున్నప్పుడు ఈ ఎరుపు నాకు కనపడాల" అంది.

మా అమ్మకు చిలకపచ్చ అంటే ప్రాణం. నాన్న పోయాక బంధువులు తెచ్చిన చీరలన్నీ వెలిసిపోయినట్టుండే రంగులే. పచ్చంచు పాటూరు నేత చీరను పెట్టె అడుగున పెట్టేసింది, నలుగురూ ఏమంటారోనని. ఆమెకు బూడిదరంగు జాకెట్టు కుడుతూ హుక్కుల పట్టీ లోపలివైపు చిలకపచ్చ గుడ్డ వేశాను. చెప్పలేదు. మర్నాడు పొద్దున ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏడాది తిరిగాక ఆ పాటూరు చీర పట్టుకొచ్చి, "దీనికి పచ్చదే కుట్టు, పైకే" అంది. ఆరోజు ఇంకెవరి గుడ్డా ముట్టుకోలేదు నేను.

అమ్మ పుట్టిల్లు పెన్న ఒడ్డున పల్లిపాడు. స్వాతంత్ర్యం కోసం పోరాడిన పొణకా కనకమ్మ గారు ఇచ్చిన స్థలంలో 1921లో గాంధీ గారు పినాకినీ ఆశ్రమం ప్రారంభించిన ఊరు. అక్కడ రాట్నం తిప్పినవాళ్లు కట్టిందంతా ఒకే ఖద్దరు. అయినా అది వాళ్లదే, కోరి కట్టుకున్నారు కాబట్టి. నీ కుర్తీ కూడా అందరిలా ఉంటే ఉండనీ. అందులో నువ్వు అడిగి చేయించుకున్నది ఒక్కటైనా ఉందా?

ఈ నెల రెడీమేడ్ కొనకుండా రెండున్నర మీటర్ల కాటన్ గుడ్డ తీసుకో. నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కుట్టడానికివ్వు, లేకపోతే తర్వాత కురచైపోతుంది. మెడ ఎంత లోతుండాలో, చేతులు మోచేతికి పైనో కిందో, అద్దం ముందు టేపు పెట్టి నువ్వే చూసుకో. ఇంట్లో ఎవరినీ అడగొద్దు. ఫోను నిలువునా పట్టే పక్కజేబు పెట్టమను. విసుక్కుంటారు మా టైలర్లు, విసుక్కోనీ. పక్కల అంగుళం గుడ్డ లోపల వదలమను, రేపు ఒళ్లు చేసినా విప్పుకోవచ్చు. అత్తగారి చీర దగ్గర గొడవ పడకు, ఆమె ఇష్టంగా తీసిందే కట్టుకో. దాంతో వచ్చిన జాకెట్టు ముక్క మాత్రం పక్కనపెట్టి, నీకు నచ్చిన రంగు గుడ్డ తీసుకెళ్లు.