పన్నుల విధానంపై ఆసక్తి ఉంటే ఏం చదవాలి?

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈమధ్య కాలేజీ డిబేట్‌లో ‘సంపన్నులపై పన్ను పెంచితే ముందు నలిగేది చిన్న వ్యాపారులే’ అని ఒకరు, ‘అదంతా డబ్బున్నవాళ్లు చెప్పే సాకు’ అని మరొకరు వాదించారు. ఎవరిది నిజమో తేల్చుకోలేకపోయాను కానీ ఈ విషయం మీద ఆసక్తి పెరిగింది. పన్నుల విధాన రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

సమాధానం: ఇద్దరూ సగమే చెప్పారు. ఏ పన్ను గురించి మాట్లాడుతున్నాం, ఎవరిని చిన్న వ్యాపారి అంటున్నాం అన్నది తేల్చుకోకపోతే ఆ వాదన ఎప్పటికీ తెగదు. ఆ రెండూ తేల్చడమే ఈ రంగంలో పనిచేసేవాళ్ల రోజువారీ పని.

ఆదాయపు పన్నునే తీసుకోండి. పై శ్లాబు 100 దగ్గర మొదలవుతుందనుకుందాం. రేటు 30 శాతం నుంచి 35కు పెరిగింది. 110 లాభం వచ్చిన వ్యాపారికి అదనపు భారం చివరి 10 మీద 5 శాతమే, అంటే అర. పైగా జీతాలు, అద్దె, ముడిసరుకు అన్నీ పోగా మిగిలిన లాభం మీదే పన్ను. అందుకే ‘పన్ను పెంచితే పనివాళ్లను తీసేస్తారు’ అనే మాటను వెంటనే నమ్మకండి. అలాగని కొట్టిపారేయకండి కూడా. బయట అప్పు పుట్టక, వచ్చిన లాభాన్నే మళ్లీ వ్యాపారంలో పెట్టుకునేవాడికి ఆ అర కూడా లెక్కే.

అమెరికాలో చాలా వ్యాపారాలు విడిగా కంపెనీ పన్ను కట్టవు. వాటి లాభం నేరుగా యజమాని రిటర్న్‌లో చేరుతుంది. వ్యక్తుల ఆదాయపు పన్నులో గరిష్ఠ రేటు పెంచుదామన్న ప్రతిసారీ అక్కడ చిన్న వ్యాపారి పేరు ముందుకు రావడానికి కారణం ఇదే. అయితే పెద్ద లా సంస్థల భాగస్వాములూ ఇదే పద్ధతిలో పన్ను కడతారు. వాళ్లను చిన్న వ్యాపారులని ఎవరనగలరు? కాన్సాస్ రాష్ట్రం 2012లో చట్టం చేసి ఈ తరహా ఆదాయానికి రాష్ట్ర పన్ను పూర్తిగా ఎత్తేసింది. ఉద్యోగాలు వెల్లువెత్తుతాయన్నారు. పొరుగు రాష్ట్రాలను మించి ఏమీ రాలేదు సరికదా, ఖజానాకు గండి పడింది. కొందరు తమ సంపాదనకు వ్యాపార ఆదాయమని పేరు మార్చి పన్ను తప్పించుకున్నారు. చివరకు 2017లో గవర్నర్ వీటోను కాదని మరీ చట్టసభలు ఆ మినహాయింపును రద్దు చేశాయి. ఈ ఒక్క ఉదంతాన్ని ఆసాంతం చదవండి. విసుగు రాకపోతే ఈ రంగం మీకు సరిపడుతుంది.

సంపద పన్ను సంగతి వేరు. అది ఆదాయం మీద కాదు, ఉన్న ఆస్తుల విలువ మీద వేసేది. యంత్రాలు, స్థలం కలిపితే కాగితం మీద విలువ ఘనంగా ఉంటుంది, చేతిలో నగదు ఉండదు. పన్ను కట్టాలంటే వ్యాపారంలోంచే డబ్బు లాగాలి. ఫ్రాన్స్ తన పాత సంపద పన్నులో యజమాని స్వయంగా నడిపే వ్యాపార ఆస్తులకు మినహాయింపు ఇచ్చింది. 2018లో ఆ పన్నునే తీసేసి, స్థిరాస్తికి పరిమితమైన మరో పన్ను తెచ్చింది.

ఇక చదువు. బ్యాలెన్స్ షీట్ చదవడం రావడం మీకు మంచి బలం, చాలామంది ఎకనామిక్స్ విద్యార్థులకు అది రాదు. లోటల్లా గణితంలోనే ఉంటుంది. ఈ ఏడాదే కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ మొదలుపెట్టి, పబ్లిక్ ఫైనాన్స్ (ప్రభుత్వ ఆదాయ వ్యయాల అధ్యయనం), ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాకు గణాంక పద్ధతులు వాడటం) గట్టిగా చెప్పే చోట ఎంఏ ఎకనామిక్స్‌లో చేరండి. డేటా విశ్లేషణకు ఆర్ (R) లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి. ఆర్థిక శాఖల్లో, పరిశోధన సంస్థల్లో, కన్సల్టెన్సీల్లో అవకాశాలుంటాయి. పరిశోధనలో పైకి వెళ్లాలంటే పీహెచ్‌డీ దాదాపు తప్పదు. సీఏ, లా కూడా మంచివే, కాకపోతే అవి ఎక్కువగా క్లయింటు పన్ను తగ్గించే పనివైపు తీసుకెళ్తాయి.

పీజీలో చేరేలోపు, చిన్న వ్యాపారుల రిటర్న్‌లు వేసే అకౌంటెంట్ దగ్గర ఒక సీజన్ పనిచేయండి. యజమాని తీసుకున్నదాంట్లో జీతమెంత, లాభమెంత, ఇంటి ఖర్చును వ్యాపారం ఖర్చుగా రాసిందెంత అన్నది అక్కడ దగ్గరుండి చూడొచ్చు.