ఐటీఐ పిల్లలకు ఫోనులో ట్రేడ్ పదాలు నేర్పడం

ఐటీఐ విద్యార్థులకు సాంకేతిక పదాలు నేర్పడానికి ఏ యాప్ మంచిదని అడిగారు. తిరుపతిలో ఫిట్టర్ ట్రేడ్ బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: యాప్ కంటే అందులోని ఫ్లాష్‌కార్డులు (ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు ఉండేవి) ఎవరు తయారుచేశారన్నదే ముఖ్యం.

మొదట్లో నేనే రెండు వందల పదాలకు అర్థాలు రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దాదాపు ఎవరూ చదవలేదు. ఒక అబ్బాయి పరీక్షలో టాలరెన్స్ అంటే సహనం అని రాశాడు. ఫోనులోని నిఘంటువు అలాగే చెప్పింది మరి! మా ట్రేడ్‌లో దాని అర్థం కొలతలో అనుమతించే తేడా. చంద్రగిరి, పుత్తూరు వైపు పల్లెల నుంచి వచ్చే ఈ పిల్లల్లో చాలామంది తెలుగు మాధ్యమంలో చదివినవారే. ట్యాప్ అంటే కుళాయి, జా అంటే దవడ అన్న అర్థాలే వారికి ముందు తోస్తాయి. మరలు కోసే ట్యాప్‌ను చేత్తో తిప్పి చూస్తే తప్ప ఆ పదం వారిది కాదు.

అందుకే ఇప్పుడు పనిముట్టు చేతికిచ్చి, పని చేయించాకే ఫోను తీయమంటాను. కార్డుకు ఒకవైపు వారు తీసిన ఫొటో, రెండోవైపు ఇంగ్లీషు పేరు, సొంత మాటల్లో ఒక వాక్యం. ఫైల్ పట్టుకున్న రోజు ఒక అమ్మాయి, “మా తాత రంపానికి పదును పెట్టే ఆకురాయి ఇదే కదా సార్!” అంది. ఆ మాటనే కార్డు మీద రాయమన్నాను. పరీక్షలో సహనం అని రాసిన అబ్బాయే టాలరెన్స్ కార్డు మీద ఇలా రాశాడు: “కొలత 25 ± 0.05 మిల్లీమీటర్లు. నా ముక్క 24.95 కన్నా తగ్గకూడదు, 25.05 దాటకూడదు.”

నేను వాడేది ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితం, నెట్ లేకున్నా బస్సులో పనిచేస్తుంది. మరచిపోయిన కార్డును త్వరగా, గుర్తున్నదాన్ని కొన్నాళ్లాగి చూపిస్తుంది. ఫోను లేనివారిని మరొకరితో జత చేస్తాను. పరీక్షల ముందు ఐటీఐల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే భారత్ స్కిల్స్ పోర్టల్‌లోని ప్రశ్నలు కూడా చేయిస్తాను.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ప్రతి శనివారం కార్డులన్నీ మీరు స్వయంగా దిద్దాలి. ఉదాహరణకు, చిన్న కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్‌లో రెండు స్కేళ్లుంటాయి: జరిగే వెర్నియర్ స్కేలులోని 50 భాగాలు కదలని మెయిన్ స్కేలులో 49 మిల్లీమీటర్లకు సమానం, అందుకే కనీసపు కొలత 0.02 మిల్లీమీటర్లు. ఒకరు దాన్ని తిరగేసి రాసుకుని, పది రోజులు అదే తప్పు వల్లెవేశారు. పోగొట్టడానికి నెల పట్టింది.

మొదటి వారం కాలిపర్ ఒక్కటే తీసుకోండి. జాలు, డెప్త్ బార్, లాకింగ్ స్క్రూ, రెండు స్కేళ్లు, అంతే.