మైన్‌స్వీపర్ ఓడ ఎన్నేళ్లు పనిచేస్తుంది? తర్వాత ఏం చేస్తారు?

సూటిగా చెప్పాలంటే మన నేవీలో 30 ఏళ్లు, అటూ ఇటూగా. మైన్‌స్వీపర్ అంటే సముద్రంలో శత్రువు పెట్టిన మైన్లను, అంటే నీటి బాంబులను తొలగించే ఓడ. సెయిలర్‌గా విశాఖలో ఉన్నప్పుడు కొన్నాళ్లు ఇలాంటి ఓడ మీద పనిచేశాను, ఇప్పుడు రిటైరై తిరుపతిలో ఉంటున్నా. మా ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు సముద్రం అంటే మద్రాసు మెరీనా బీచే, అందుకే ఇక్కడ ఈ మాట ఎత్తితే "బాంబుల్ని చేత్తో తీస్తారా సార్?" అని అడుగుతారు.

చేత్తో కాదు. ఓడ వెనక పొడుగాటి వైర్లు వదిలి లాగుతూ పోతాం, వాటికి కట్టర్లు ఉంటాయి. అడుగున బరువుకు కట్టేసి ఉన్న మైన్ తాడు వాటికి తగిలి తెగితే మైన్ పైకి తేలుతుంది, గన్‌తో కాల్చేస్తారు. అది పాత రకం. ఓడ అయస్కాంత ప్రభావాన్నో ఇంజిన్ శబ్దాన్నో పసిగట్టి పేలే మైన్లయితే కరెంటు పారే కేబుల్, చప్పుడు చేసే పరికరం లాగి పైన పెద్ద ఓడ పోతోందని దాన్ని నమ్మించాలి. ఇంకో తిరకాసు, కొన్నిటిలో లెక్కపెట్టే ఏర్పాటు ఉంటుంది, మొదటి నాలుగు ఓడల్ని వదిలేసి ఐదోదాని కింద పేలేలా పెట్టొచ్చు. కాబట్టి ఒకే దారిలో మళ్లీ మళ్లీ తిరగాల్సిందే. మేం చేసింది ప్రాక్టీసు మైన్లతోనే అయినా ఎండలో వెనక డెక్ మీద ఆ వైర్లతో కుస్తీ పడితే సాయంత్రానికి చేతులు లేవవు.

ఇక వయసు సంగతి. 1978 నుంచి 1988 దాకా సోవియట్ యూనియన్ నుంచి మనకు 12 ఓడలు వచ్చాయి, పాండిచ్చేరి, కాకినాడ, కోజికోడ్ అని దాదాపు అన్నీ తీర పట్టణాల పేర్లే. బాడీ అయస్కాంత గుణం తక్కువగా ఉండే స్టీలు. ఇలాంటి ఓడలో ఎక్కడ రేకు మార్చినా, కొత్త మిషను బిగించినా అయస్కాంతం లెక్క మారుతుంది, మళ్లీ కొలిచి సరిచేయాలి. ఘాట్ రోడ్డు ఎక్కే తిరుమల బస్సును తయారైన ఏడాది చూసి అంచనా వేయలేం కదా, ఇదీ అంతే, రిఫిట్ (ఓడను ఆపి చేసే పెద్ద మరమ్మతు) ఎలా జరిగింది, స్పేర్లు దొరికాయా అన్నదే ముఖ్యం. 1991లో ఆ దేశమే విడిపోయాక స్పేర్ల కోసం పడిన తిప్పలు నేవీలో అప్పుడున్న ఎవరిని అడిగినా చెబుతారు.

అయినా లాక్కొచ్చాం. 1986లో చేరిన కాకినాడ 2017 మేలో, 1988లో చేరిన కొంకణ్ 2018 మేలో రిటైరయ్యాయి. చివరిది కోజికోడ్, 2019 ఏప్రిల్‌లో విశాఖలో జెండా దించారు, ఆ తర్వాత మన దగ్గర ఒక్క మైన్‌స్వీపరూ మిగల్లేదు. రిటైరైన ఓడలోంచి ఆయుధాలు, పనికొచ్చే పరికరాలు తీసేసుకుంటారు, మిగిలిన బాడీ మామూలుగా తుక్కుకే పోతుంది.

నన్నడిగితే వాటిని అన్నేళ్లు నడపడానికి ఓడల గట్టితనం ఒక్కటే కారణం కాదు, కొత్తవి రాకపోవడం కూడా. గోవా షిప్‌యార్డులో దక్షిణ కొరియా కంపెనీతో కలిసి 12 కట్టాలన్న ప్రయత్నం 2018లో ఆగిపోయింది. మళ్లీ 2025 జులైలో కొత్తవాటికి రక్షణ శాఖ ప్రాథమిక ఆమోదం ఇచ్చింది, అంటే ఇంకా టెండర్లు, కాంట్రాక్టు, కట్టడం అన్నీ ఉన్నాయి, మొదటి ఓడ నీళ్లలోకి దిగడానికి ఏళ్లు పడుతుంది.