టెస్టోస్టెరాన్ నార్మల్... మరి గుండె సంగతి?

ప్రశ్న: నా వయసు 29. నెలసరి రెండు నెలలకోసారి వస్తోంది. గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయి. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అన్నారు. పురుష హార్మోన్ అయిన టోటల్ టెస్టోస్టెరాన్ మాత్రం నార్మల్. లావుగా కూడా లేను. ఈ సమస్య ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువంటారు కదా, నాకూ ఉన్నట్టేనా?

జవాబు: టోటల్ టెస్టోస్టెరాన్ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకండి. రక్తంలో ఆ హార్మోన్ చాలావరకు ఎస్‌హెచ్‌బీజీ, అల్బుమిన్ అనే ప్రొటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. విడిగా తిరిగే కాస్తంత భాగానిదే అసలు ప్రభావం. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే క్లోమం దాన్ని ఇంకా ఎక్కువగా వదులుతుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయాల చేత టెస్టోస్టెరాన్ ఎక్కువగా తయారు చేయిస్తుంది, కాలేయంలో ఎస్‌హెచ్‌బీజీని తగ్గిస్తుంది. అలా మొత్తం మామూలుగానే ఉన్నా విడి భాగం పెరుగుతుంది. మీ గడ్డం మీది వెంట్రుకలకు కారణం ఇదే కావచ్చు.

కాబట్టి ఎస్‌హెచ్‌బీజీ కూడా చేయించండి. టెస్టోస్టెరాన్‌ను 100తో గుణించి ఎస్‌హెచ్‌బీజీతో భాగిస్తే ఆ విడి భాగాన్ని అంచనా వేసే ఫ్రీ ఆండ్రోజెన్ ఇండెక్స్ వస్తుంది. రెండూ లీటరుకు నానోమోల్స్‌లో ఉండాలి. టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తే ముందు 28.8తో భాగించుకోవాలి; చాలామంది తప్పేది ఇక్కడే. గర్భనిరోధక మాత్రలు ఎస్‌హెచ్‌బీజీని బాగా పెంచేస్తాయి. అవి వాడుతుంటే, మానేసిన మూడు నెలల తర్వాత చేయించిన పరీక్షే నమ్మదగినది. అప్పటిదాకా వేరే గర్భనిరోధక పద్ధతి పాటించాలి.

ఇక గుండె. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే, అండాశయాలను నడిపించే హార్మోన్ల నిష్పత్తి చూసి చాలామంది కంగారుపడతారు గానీ, గుండె ముప్పును లెక్కగట్టడానికి అది పనికిరాదు. చూడాల్సినవి బీపీ, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష), గ్లూకోజ్. బీపీ ఏటా చూపించుకోవాలి. లిపిడ్లలో చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్‌తో పాటు ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు డెసిలీటరుకు 150 మిల్లీగ్రాములు దాటాయా, మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ 50 కంటే తగ్గిందా గమనించండి. ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం) ఉన్నవాళ్లలో తరచూ కనిపించే జంట ఇది.

షుగర్‌కు పరగడుపు పరీక్ష ఒక్కటే సరిపోదు. తొలిదశలో అది నార్మల్‌గానే ఉండొచ్చు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి, రెండు గంటలకు చేయించండి. డెసిలీటరుకు 140 నుంచి 199 మిల్లీగ్రాముల వరకు ఉంటే ప్రీడయాబెటిస్, 200 ఆపైన ఉంటే డయాబెటిస్‌ను అనుమానించి నిర్ధారించుకోవాలి. సన్నగా ఉన్నవాళ్లకూ ఈ పరీక్ష అవసరమే. 2023 అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు బరువుతో నిమిత్తం లేకుండా, మళ్లీ ఒకటి నుంచి మూడేళ్లకోసారి షుగర్ చూడమంటున్నాయి.

29 ఏళ్లకు గుండెపోటు అవకాశం చాలా తక్కువ, బెంగపడకండి. అయితే నెలసరి కోసం ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు రాస్తే, బీపీ, పొగతాగే అలవాటు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, గతంలో రక్తం గడ్డకట్టడం వంటివి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. నెలసరి మూడు నెలలు దాటినా రాకపోతే ఆలస్యం చేయకుండా చూపించుకోండి.